దెయ్యాల పేరంటం

పేరంటాలు ఎన్ని రకాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. శ్రావణమాసం వచ్చిందంటే ఒక్క సాయంత్రంలో నాలుగిళ్ళు చుట్టబెట్టి, నానబెట్టిన శనగలు కొంగున మూట కట్టుకుని వచ్చినవాళ్ళమే మనందరమూ. బొమ్మల కొలువు పేరంటం, సీమంతం పేరంటం, అట్లతద్ది, ఈ మధ్య కొత్తగా కిట్టీ పార్టీలు. అయితే దెయ్యాల పేరు మీద నెలకోసారి పేరంటం చేసుకునేవాళ్ళు కూడా ఉన్నారంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. స్వయంగా వెళ్ళి కూర్చుని వచ్చాను గనక ఈవేళ ధైర్యంగా చెబుతున్నాను.

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి పురిటికని లండన్ వెళ్ళాను. ఆవకాయ, కారప్పొడి, శొంఠి, వాము, పిల్లకి కాటుక, అన్నీ సూట్‌కేసులో కుక్కుకుని వెళ్ళిన నాకు, ఆ ఊళ్ళో మొదట దొరికిన స్నేహితురాలు పక్క వాటాలో ఉండే పెద్దావిడ. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆస్పత్రిలో కాన్పులు చేసే నర్సుగా పనిచేసి రిటైరయింది. భర్త పోయి నాలుగేళ్ళయింది. మనవరాలు పుట్టగానే తన చేత్తో అల్లిన ఊలు టోపీ తెచ్చి ఇచ్చింది. నా వచ్చీరాని ఇంగ్లీషూ, ఆవిడ చెవుడూ సరిగ్గా సరిపోయాయి. ఇద్దరం గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

పురుడు వెళ్ళిన వారానికి ఆవిడ వచ్చి, "గురువారం సాయంత్రం నాతో వస్తారా? మా దెయ్యాల వాళ్ళ సమావేశం ఉంది" అంది, గుళ్ళో హరికథకి పిలిచినంత మామూలుగా. నేను మా అమ్మాయి మొహం చూశాను. అది నవ్వుతోంది. "వెళ్ళమ్మా, ఇరవై రోజులుగా ఇల్లు కదల్లేదు నువ్వు. పబ్‌లో పెట్టుకుంటారు, ఏం ఫర్వాలేదు" అంది. దెయ్యాలు ఒకటి, పబ్ ఒకటి! పచ్చి బాలింత ఉన్న ఇంట్లోంచి, దీపాలు పెట్టే వేళ, కల్లుపాకకి వెళ్ళి దెయ్యాల కథలు విని వస్తానా! ఉయ్యాల కింద ఇనుప ముక్క పెట్టి, పొద్దున్నా సాయంత్రమూ దిష్టి తీస్తున్నదాన్ని నేను. రానంటే రానన్నాను.

చివరికి ఎందుకు వెళ్ళానంటే, ఆ పెద్దావిడ చెప్పిన ఒక్క మాట వల్ల. "మీకు దెయ్యాలంటే అంత నమ్మకమా?" అని అడిగాను. "లేదమ్మా. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పోయాడు. ఆయన పేరెత్తితే మా అబ్బాయి మాట మార్చేస్తాడు, స్నేహితురాళ్ళు గడియారం చూసుకుంటారు. అక్కడ మటుకు చచ్చిపోయినవాళ్ళ గురించి ఎంతసేపు మాట్లాడినా ఎవరూ విసుక్కోరు" అంది. ఇంక కాదనలేకపోయాను. చీర మీద స్వెట్టరూ, దాని మీద మా అల్లుడి కోటూ వేసుకుని బయల్దేరాను.

పబ్ అంటే నేననుకున్నంత భయంకరంగా లేదు. కింద తాగేవాళ్ళు తాగుతున్నారు. మేం మేడ మీది గదికి వెళ్ళాం. చెక్క మెట్లు కిర్రుమంటున్నాయి. పాతకాలపు తివాచీ, గోడలకి నల్లబడ్డ పటాలు, మధ్యలో పొడుగాటి బల్ల. సుమారు ఇరవై మంది ఉన్నారు. సగానికి పైన ఆడవాళ్ళే. ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక టాక్సీ డ్రైవరు, కంప్యూటర్ ఉద్యోగి ఒకతను, అల్లిక సంచీతో వచ్చిన మరో ముసలావిడ. మనిషికి 12 పౌండ్లు టిక్కెట్టు, అందులోనే తిండి. వేయించిన బంగాళాదుంప ముక్కలూ, జున్ను రొట్టే వచ్చాయి. నాకని ఆపిల్ రసం తెప్పించారు. ఎవరి మొహంలోనూ భయమన్నది లేదు. ఒకరి మోకాలి నొప్పి గురించి ఒకరు, ఒకరి కుక్క గురించి ఒకరు అడుగుతున్నారు. మన పేరంటంలో ఎదుటివాళ్ళ పట్టుచీర అంచు చూసినట్టు వాళ్ళు ఒకరి చేతిలో పరికరాలు ఒకరు చూసుకుంటున్నారు. అంతే తేడా.

సభ నడిపే పెద్దమనిషి బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయినాయన. ఈ ముచ్చట కొత్తది కాదని ఆయన చెప్పుకొచ్చాడు. ఘోస్ట్ క్లబ్ అని లండన్‌లో ఒక సంఘం 1862లోనే పుట్టింది. నవలలు రాసిన చార్లెస్ డికెన్స్ కూడా దాంట్లో ఉండేవాడని చెప్పుకుంటారు. తరువాత కొన్నాళ్ళు మూతపడి, 1882లో మళ్ళీ తెరుచుకుంది. ఆ రెండో దఫాలో వాళ్ళకి ఒక వింత ఆచారం ఉండేదట. ప్రతి ఏడూ నవంబరు 2న, అంటే క్రైస్తవులు పోయినవాళ్ళందరినీ తలుచుకునే రోజున, సభ్యుల పేర్లు వరసగా చదివేవారు. బతికున్నవాళ్ళవీ, చనిపోయినవాళ్ళవీ కలిపే. చచ్చిపోయినంత మాత్రాన సభ్యత్వం పోదన్నమాట! నవ్వొచ్చింది గానీ, మనం మహాలయ పక్షంలో చేసేది మాత్రం ఏమిటి? మూడు తరాల పేర్లు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదలడమేగా.

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు. ఆ క్లబ్బులో మొదట్నించీ ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. 1936లో మరోసారి మూతపడ్డాక, హారీ ప్రైస్ అనే ఆయన దాన్ని భోజనాల సభగా మళ్ళీ నడిపిస్తూ అప్పుడు ఆడవాళ్ళని రానిచ్చాడు. డెబ్బై ఏళ్ళ పైన మగవాళ్ళే కూర్చుని దెయ్యాల గురించి చర్చించుకున్నారు, ఆ కథల్లో దెయ్యాలేమో ముప్పాతిక మూడొంతులు ఆడవాళ్ళు! నేను ఆ మాట మా పెద్దావిడ చెవిలో అంటే ఆవిడ ఆపిల్ రసం పొలమారేటట్టు నవ్వింది.

అదీ నిజమేనండి. ఆ సాయంత్రం వరసగా విన్న కథలన్నీ చూడండి. లండన్ కోటలో తిరిగే ఆన్ బోలిన్, ఎనిమిదో హెన్రీ రాజుగారి రెండో పెళ్ళాం, 1536లో తల తీయించాడు. హాంప్టన్ కోర్టు రాజమందిరంలో కేకలు పెడుతూ పరుగెత్తుతుందని చెప్పే కేథరిన్ హోవర్డ్, అదే రాజుగారి అయిదో పెళ్ళాం, 1542లో ఆవిడదీ అదే గతి. మేం కూర్చున్న పబ్‌లో కూడా ఒక దెయ్యం ఉందన్నారు. ఎవరనుకున్నారు? కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కే పనిమనిషి. మగ దెయ్యాలు లేకపోలేదు. బెల్‌గ్రేవియా పేటలో గ్రెనేడియర్ అనే పబ్ ఉంది. పేకాటలో మోసం చేశాడని తోటి సిపాయిలు కొట్టి చంపిన కుర్రవాడు అక్కడ తిరుగుతాడట. పాపం అతని బాకీ తీరాలని, వచ్చినవాళ్ళు కరెన్సీ నోట్లు లోకప్పుకి అంటించి పోవడం ఆనవాయితీ. డ్రూరీ లేన్ నాటకశాలలో బూడిదరంగు బట్టల దొర ఒకడు పట్టపగలు మ్యాట్నీ ఆటకి కనిపిస్తాడనీ, కనిపిస్తే ఆ నాటకం బాగా ఆడుతుందనీ నటులకి నమ్మకం. శకునం మంచిదయితే దెయ్యమూ చుట్టమే! ఇక బర్క్‌లీ స్క్వేర్‌లో 50వ నంబరు ఇల్లు. లండన్ మొత్తానికీ అంత దెయ్యాల కొంప లేదని పేరు. అందులో 1938 నుంచి 2015 దాకా పాత పుస్తకాల వ్యాపారం నడిచింది. అన్నేళ్ళు అక్కడ కూర్చుని లెక్కలు రాసుకున్నవాళ్ళని దెయ్యం కదిలించిన పాపాన పోలేదు.

ఈ కథలన్నిటిలోకీ నా మనసుకి పట్టిన కథ ఒకటుంది. కాస్త వివరంగా చెబుతాను. కాక్ లేన్ అని లండన్‌లో ఒక ఇరుకు సందు. అక్కడ ఒకాయన ఇంట్లో కెంట్ అనేవాడూ, ఫానీ అనే అమ్మాయీ అద్దెకి దిగారు. ఫానీ ఎవరంటే, కెంట్ చనిపోయిన భార్యకి చెల్లెలు. అక్క కాన్పులో పోతే ఇల్లు చూసిపెట్టడానికి వచ్చింది. ఆ పసివాడూ దక్కలేదు. వీళ్ళిద్దరికీ మనసు కలిసింది. మన దగ్గరయితే పెద్దవాళ్ళే కూర్చుని, చిన్నదాన్ని ఇచ్చి ముడిపెట్టేవారు, ఆ చిన్నదాని ఇష్టం అడగనైనా అడక్కుండా. అక్కడ దానికి పూర్తిగా తలకిందులు. భార్య చెల్లెల్ని పెళ్ళాడటం వాళ్ళ మతధర్మానికి నిషిద్ధం. ఆ నిషేధం తీసేస్తూ చట్టం వచ్చింది 1907లోనట! అందుకని పెళ్ళి లేకుండానే భార్యాభర్తలమని చెప్పుకుని ఉన్నారు. 1760లో ఫానీ నిండు నెలల్లో మశూచి వచ్చి పోయింది.

ఇంటాయన కెంట్ దగ్గర అప్పు పుచ్చుకున్నాడు. తీర్చకపోతే కెంట్ దావా వేశాడు. 1762 జనవరి వచ్చేసరికి ఆ ఇంట్లో గోడలు టకటకమనడం, గోళ్ళతో గీకిన చప్పుళ్ళు మొదలయ్యాయి. ఫానీ దెయ్యమై వచ్చి, కెంట్ నాకు విషం పెట్టాడంటోందని ఇంటాయన చాటాడు. అవునంటే ఒక దెబ్బ, కాదంటే రెండు. చప్పుడు ఎక్కడ వస్తుందయ్యా అంటే, ఇంటాయన కూతురు పన్నెండేళ్ళ పిల్ల పడుకున్న మంచం దగ్గర. ఊరు ఊరంతా విరగబడింది. రాజుగారి తమ్ముడు ప్రభువు కూడా అర్ధరాత్రి వానలో అద్దె బండి కట్టించుకుని, వాల్‌పోల్ అనే రచయితతో సహా వచ్చి, జనంతో కిక్కిరిసిన ఆ చిన్న గదిలో నిలబడ్డాడు. ఈనాటి దెయ్యాల సరదా సభలకి అదే ముత్తవ్వ అనుకోవచ్చు.

చివరికి డాక్టర్ జాన్సన్ వంటి పండితులు కూర్చుని విచారించారు. సమాధిలో నా పెట్టె మీద కొట్టి చూపిస్తానని దెయ్యం మాటిచ్చింది గనక అర్ధరాత్రి అక్కడికీ వెళ్ళారు. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆ తరువాత ఆ పిల్లకి చెప్పారు: ఈ రాత్రి చప్పుడు రాకపోతే మీ అమ్మానాన్నల్ని జైల్లో వేస్తారని. పాపం అది బట్టల్లో చిన్న చెక్కముక్క దాచుకుని చప్పుడు చేస్తూ పట్టుబడింది. తండ్రికి రెండేళ్ళు జైలు పడింది, తల్లికి ఏడాది. నడిబజార్లో బొండ కొయ్యలో నిలబెడితే జనం అతని మీద రాళ్ళు వెయ్యాల్సింది పోయి చందాలు వేశారు! చచ్చిపోయిన ఫానీ పరువు ఏమయిందో, రాత్రిళ్ళు నిద్రలేకుండా అంతమంది మగవాళ్ళ మధ్య మంచం మీద పడుకోబెట్టిన ఆ పన్నెండేళ్ళ పిల్ల మనసు ఏమయిందో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

భోజనాలయ్యాక అందరం కింద నేలమాళిగలోకి దిగాం. దీపాలార్పి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఒకరి చేతిలో విద్యుదయస్కాంత క్షేత్రం కొలిచే మీటరు. దెయ్యం వస్తే దాని మీద దీపాలు వెలుగుతాయట. వెలిగాయి కూడా. తీరా చూస్తే కాలేజీ పిల్ల పర్సులో సెల్‌ఫోన్ మోగబోతోంది. అటువంటి మీటరు మన వంటింట్లో మిక్సీ పక్కన పెడితే రోజూ దెయ్యాల జాతరే.

వాళ్ళంతా గుడ్డినమ్మకం వాళ్ళనుకోకండి. సగం మందికి కారణాలు వెతకడమే సరదా. ఆ కంప్యూటరు కుర్రాడు చెప్పాడు. విక్ టాండీ అనే ఇంజనీరు పనిచేసే గదిలో అందరికీ దిగులుగా ఉండటం, ఓరకంట బూడిదరంగు ఆకారం కనిపించడం. ఒకనాడు బిగించి పెట్టిన కత్తిసాము కత్తి దానంతటది వణుకుతోంది. ఆయన పారిపోకుండా ఆరా తీస్తే, కొత్తగా పెట్టిన గాలి తోడే ఫ్యాను సెకనుకి పందొమ్మిది సార్లు కదిలే మోత పుట్టిస్తోందని తేలింది. మన చెవికి అందనంత మందరమైన మోత. ఫ్యాను సరిచేస్తే దెయ్యం పోయింది. 1998లో ఆ సంగతి పత్రికలో రాశాడు. అన్ని దెయ్యాలకీ ఇదే మందని తరువాతివాళ్ళు అందరూ ఒప్పుకోలేదనుకోండి.

కాని మన ఆడవాళ్ళు తప్పకుండా గుర్తుంచుకోవలసింది ఇంకొకటుంది. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక కుటుంబం కథ ప్రకటించాడు. పాత ఇంట్లో చేరిన దగ్గర్నుంచీ తలనొప్పులు, పిల్లలు పాలిపోవడం, కుండీల్లో మొక్కలు చావడం, రాత్రిళ్ళు ఎవరో నడిచినట్టు, మంచం దగ్గర నిలబడినట్టు ఉండటం. చూడగా ఇల్లు వెచ్చబరిచే పొయ్యి పాడయి, దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకి వస్తోంది. రంగూ వాసనా లేని విషం అది. మన స్నానాలగదుల్లో గ్యాస్ గీజర్లు పెట్టుకుని, చలికాలం గనక కిటికీ కూడా బిగించుకుంటున్నాం చూశారూ, సరిగ్గా ఆ విషమే పుడుతుంది అక్కడా. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నా అంతే. స్నానాల గదిలో తల తిరిగితే దిష్టి తియ్యడం తరువాత, ముందు గీజరు కట్టేసి, తలుపు తీసి గాల్లోకి రండి.

మన దేశంలో ఇటువంటి సరదాలు లేవనుకున్నాను గాని, ఢిల్లీ టూరిజం వాళ్ళు 2023లో చీకటి పడే వేళ పాత కట్టడాలకి జనాన్ని నడిపించుకెళ్ళే కార్యక్రమం మొదలెట్టారు. మొదటిది మాల్చా మహల్. తుగ్లక్‌ల కాలం నాటి వేట విడిది. 1985లో అవధ్ రాజవంశం మాదంటూ విలాయత్ మహల్ అనే ఆవిడ కొడుకునీ కూతుర్నీ కుక్కల్నీ వెంటబెట్టుకుని ఆ కరెంటు లేని శిథిలాల్లో చేరింది. 1993లో ప్రాణం తీసుకుంది. వాళ్ళు రాజవంశం కారనీ, దేశవిభజనలో చెదిరిపోయిన సంసారమనీ, ఆవిడని పాకిస్తాన్‌లో పిచ్చాసుపత్రిలో కూడా పెట్టారనీ 2019లో ఒక అమెరికా పత్రిక ఆరా తీసి రాసింది. ఇప్పుడక్కడ ఆవిడే దెయ్యం.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ సభలో ఒక నియమం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు తమ ఊరి దెయ్యం కథ ఒకటి చెప్పాలి. "ఇండియా కథ, ఇండియా కథ" అని అందరూ నా చుట్టూ చేరారు. నాకు కథలకేం తక్కువ? మా ఊరి దిగుడుబావి దెయ్యం ఉండనే ఉంది. కృష్ణాజిల్లాలో మా పల్లె. చింతచెట్టు కింద బావి. అమావాస్య రాత్రి తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, చేతుల్లో ఏదో ఎత్తుకుని ఊపుతూ, జోలపాట పాడుతూ ఒక మనిషి బావి చుట్టూ తిరుగుతుంది. చిన్నప్పుడు మేం పొద్దుగూకితే ఆ వైపు కన్నెత్తి చూసేవాళ్ళం కాదు. మంచి రంజుగా చెప్పాను. కాలేజీ పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నాకూ హుషారెక్కింది.

ఇంతట్లో సభ నడిపే ఆయన, "ఆ మనిషి ఎవరు?" అనడిగాడు.

"మా పిన్ని" అన్నాను.

అనేశాక నా నోరు మూతపడింది. చూడండి, అరవై ఏళ్ళుగా ఆ కథ ఎంతమందికి చెప్పానో! మా పిల్లలకి చెప్పాను, అన్నం తినకపోతే వస్తుందని బెదిరించాను. ఎప్పుడూ "బావి దెయ్యం" అనే చెప్పాను గాని "మా పిన్ని" అని ఒక్కసారీ అనలేదు. పరాయి భాషలో, పరాయి ఊళ్ళో ఎలా వచ్చిందో ఆ మాట.

మా పెద్దావిడ నా పక్కనే కూర్చుంది. మెల్లిగా అడిగింది: "పాప పుట్టి ఎన్నాళ్ళయింది అప్పటికి?"

పాప సంగతి నేనసలు చెప్పలేదు. జోలపాట అన్నాను, అంతే. ఆవిడ పట్టేసింది.

పద్నాలుగు రోజులు. నాకప్పుడు ఆరేళ్ళు. పిన్ని పురిటికని మా అమ్మమ్మగారింటికి వచ్చింది. మొదటి కాన్పు. మూడో రోజు నుంచి నిద్ర లేదు. రాత్రంతా గబగబా ఏదో మాట్లాడేది, నవ్వేది, ఉన్నట్టుండి ఏడిచేది. ఎవరో పిలుస్తున్నారు అనేది. ఈ పిల్ల నా పిల్ల కాదు, మార్చేశారు అనేది. గాలి సోకిందన్నారు. పదకొండో రోజు పురిటి స్నానం అవుతూనే పక్క ఊరినుంచి భూతవైద్యుణ్ణి పిలిపించారు. పసిపిల్లని చేతుల్లోంచి లాక్కుని, పిన్నిని నట్టింట్లో కూర్చోబెట్టి వేపమండలతో కొట్టారు. "ఎవరే నువ్వు, పేరు చెప్పు" అని. పిన్ని తన పేరే చెప్పింది. అది అబద్ధమని మళ్ళీ కొట్టారు. నేను తలుపు సందులోంచి చూశాను. పద్నాలుగో రోజు తెల్లవారేసరికి పిన్ని మంచం మీద లేదు. బావి దగ్గర చెంబు ఉంది.

వారం తిరక్కుండా అది దెయ్యం తిరిగే బావి అయిపోయింది. కోడలు బావిలో ఎందుకు పడిందీ అని అడగాల్సిన వాళ్ళందరికీ ఆ మాట ఎంత హాయిగా ఉండి ఉంటుందో చూడండి.

ఆ పెద్దావిడ నాతో బస్సులో వస్తూ చెప్పింది. ఇది జబ్బట. మన పెద్దవాళ్ళు పురిటి సన్నిపాతం అనేవారు చూడండి, అటువంటిది. వెయ్యి కాన్పులకి ఒకరికో ఇద్దరికో వస్తుంది. చాలావరకు మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. నిద్ర పూర్తిగా పోవడం, మాటలు తెంపు లేకుండా రావడం, లేని గొంతులు వినపడటం, బిడ్డ మీద వింత అనుమానాలు, ఇవీ గుర్తులు. క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఒంటరిగా వదలకూడదు. మందులతో తగ్గుతుంది. చాలామంది పూర్తిగా కోలుకుని, ఆ పిల్లల్ని తామే పెంచుకుంటారు. వాళ్ళ దేశంలో తల్లినీ బిడ్డనీ కలిపి ఉంచుకుని వైద్యం చేసే వార్డులే ఉన్నాయట. "నా సర్వీసులో చాలామందిని చూశాను. వాళ్ళలో కొందరు ఇప్పుడు అమ్మమ్మలు" అంది. ఆ మాట నన్ను గుచ్చినట్టు ఏదీ గుచ్చలేదు. మా పిన్ని కూడా ఇప్పటికి అమ్మమ్మ అయ్యేది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో బాలింత ఉంటే, ఎవరైనా గాలీ ధూళీ అన్నారంటే, మీరు డాక్టరన్న మాట అనండి. మన దేశంలో 2022 నుంచి టెలి మానస్ అని 14416 నంబరు ఉంది, డబ్బు తీసుకోరు. తెలుగులో మాట్లాడేవాళ్ళుంటారు. కాని పైన చెప్పిన గుర్తులు కనిపిస్తే ఫోనుతో ఆగకండి, తిన్నగా ఆస్పత్రికే.

ఆ రాత్రి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మా అమ్మాయి గదిలోకి తొంగి చూశాను. దీపం వేసుకుని పాపకి పాలిస్తోంది. "దెయ్యం కనిపించిందా అమ్మా?" అంది. "నువ్వు నిద్రపోతున్నావా రాత్రిళ్ళు? సరిగ్గా చెప్పు" అని అడిగాను. అది తెల్లబోయింది. ఉయ్యాల కింద ఇనుప ముక్క అలాగే ఉంచాను. ఉంటే నష్టమేముంది గనక. దానితోపాటు అక్కడి ఆస్పత్రివాళ్ళ ఫోను నంబరు కూడా గోడకి అంటించాను.

మా పిన్ని కూతురు రాజమండ్రిలో ఉంటుంది. ఇప్పుడు అరవైకి దగ్గర పడుతోంది. బళ్ళో దాన్ని "దెయ్యం కూతురా" అని పిలిచేవారు. పెళ్ళిచూపుల్లో రెండు సంబంధాలు ఆ మాట మీదే తప్పిపోయాయి. తన కాన్పులప్పుడు ఆస్పత్రిలో కళ్ళు మూసుకోవడానికి కూడా భయపడింది, అమ్మలాగా అవుతానేమోనని. తల్లి గురించి మా మధ్య ఎప్పుడూ మాట రాలేదు. మర్నాడు దానికి ఫోను చేశాను. ఇక్కడ పొద్దున్న, అక్కడ మధ్యాహ్నం. భోజనమయి నడుం వాల్చినట్టుంది. ఊరికే పబ్ సంగతి, చీర మీద కోటు సంగతి చెప్పి కాస్సేపు నవ్వించి, తరువాత పెద్దావిడ చెప్పినదంతా చెప్పాను. జబ్బే, దెయ్యం కాదు, శాపం కాదు, నీ పుట్టుక వల్ల వచ్చిన దోషమూ కాదు అన్నాను.

చాలాసేపు అవతల చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. తరువాత అడిగింది: "అక్కా, ఆ పద్నాలుగు రోజుల్లో నన్ను ఎత్తుకుందా?"

ఎత్తుకుంది. నేను చూశాను. ఆరో రోజో ఏడో రోజో, అర్ధరాత్రి నేను లేచి పెరట్లోకి వెళితే, పిన్ని తెల్లచీరలో, జుట్టు విరబోసుకుని, పిల్లని భుజాన వేసుకుని, జోలపాట పాడుతూ బావిగట్టు పక్కనుంచి చింతచెట్టు దాకా, చింతచెట్టు నుంచి బావి దాకా నడుస్తోంది. నన్ను చూసి, "ఉష్, ఇప్పుడే నిద్రపోయింది" అంది. ఊరంతా దెయ్యమని చెప్పుకున్నది ఆ రూపాన్నే. చూసిందాన్ని నేను, మొదట ఎవరికి చెప్పానో, ఎలా చెప్పానో గుర్తులేదు.

ఇదంతా దానికి చెప్పాను. "పాట ఏమిటో గుర్తుందా?" అంది. గుర్తుంది. ఫోనులో పాడాను. నా గొంతు మీకు తెలియంది కాదు గనక ఇక్కడ పాడను. నాకిచ్చిన సమయం కూడా అయిపోయింది. సెలవు.